బిల్లు ఎప్పుడు పడుతుంది?

ఉద్యోగాలు దొరకని రోజుల్లో చదువు పూర్తయిన పిల్లలకు ఇంటా బయటా వినపడే సలహా ఒకటుంది: ఒకరి దగ్గర చేతులు కట్టుకుని నిలబడే బదులు సొంతంగా ఏదైనా పెట్టుకో అని. ప్రభుత్వాలూ ఈ మాటే అంటాయి. అని ఊరుకోవు, బ్యాంకులతో అప్పు కూడా ఇప్పిస్తాయి. 2008 నుంచి ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం నడుస్తోంది. 2015 ఏప్రిల్‌లో ముద్ర వచ్చింది, 2016లో స్టాండప్ ఇండియా వచ్చింది. ముద్ర ఒక్కటే తీసుకున్నా, మొదటి పదేళ్లలో 52 కోట్లకు పైగా రుణాలు, 32 లక్షల కోట్ల రూపాయలకు పైగా సొమ్ము మంజూరైనట్టు కేంద్ర ప్రభుత్వం లెక్క చెప్పింది. సగటు తీస్తే ఒక్కో అప్పు 63 వేల రూపాయల లోపే కావచ్చు గానీ, అప్పు పుట్టడమనే మొదటి మెట్టు దగ్గర దేశం గట్టిగానే పనిచేసిందని ఒప్పుకోవాలి. అయినా ఉత్సాహంగా షెడ్డు తెరిచిన కుర్రాళ్లు ఏడాది, రెండేళ్లు తిరగకుండానే యంత్రం అమ్మేసి మళ్లీ ఉద్యోగాల వేటలో పడటం మనం చూస్తూనే ఉన్నాం. ఇందుకు అసలు కారణం అప్పు చాలకపోవడం కంటే సమయం చాలకపోవడమేనని నా అభిప్రాయం. కట్టవలసిన డబ్బు ముందే కట్టాలి, రావలసిన డబ్బు ఎప్పటికో వస్తుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న ఎడాన్ని తగ్గించడమే, గడ్డుకాలంలో యువ వ్యాపారికి చేయగల అన్నిటికంటే పెద్ద సాయం. ఆ మాటను ఈ పది, పదిహేను నిమిషాల్లో లెక్కలతో, ఆధారాలతో మీ ముందు పెడతాను.

ఒక చిన్న ఖాతా పుస్తకం ఊహించుకుందాం. డిప్లొమా చదివిన ఒక యువకుడు జీడిమెట్లలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో ఓ షెడ్డు అద్దెకు తీసుకుని, పది లక్షల అప్పుతో పాత సీఎన్‌సీ లేత్ మిషను ఒకటి కొన్నాడనుకోండి. పెద్ద కంపెనీ ఇనుము పంపిస్తుంది, ఇతను దాన్ని కోసి, తొలిచి, కొలతకు తెచ్చి తిరిగి పంపిస్తాడు. దీన్నే జాబ్ వర్క్ అంటారు. అయిదేళ్ల అప్పుకు నెల వాయిదా సుమారు 22 వేలు. షెడ్డు అద్దె 15 వేలు. ఇద్దరు పనివాళ్ల జీతాలు 30 వేలు. కరెంటు బిల్లు 12 వేలు. మొత్తం 79 వేలు. నెలకు లక్షా ఇరవై వేల పని చేస్తున్నాడనుకుందాం. కాగితం మీద చూస్తే నెలకు 41 వేలు మిగులు. చాలా ఉద్యోగాల కంటే మెరుగు. బ్యాంకుకు ఇచ్చిన ప్రాజెక్టు రిపోర్టులో ఉండేది ఈ లెక్కే. కానీ ఏప్రిల్ నెల పనికి నెలాఖరున వేసిన బిల్లు సొమ్ము తొంభై రోజులకు, అంటే జులై చివరకు వచ్చిందనుకోండి. అప్పటికి ఏప్రిల్, మే, జూన్, జులై నాలుగు నెలల ఖర్చు 3 లక్షల 16 వేలు ఇతని చేతి నుంచి వెళ్లిపోయింది. అంతటితో అయిపోలేదు. జీఎస్టీ బిల్లు వేసిన నెలను బట్టి కట్టాలి, డబ్బు చేతికి వచ్చిన నెలను బట్టి కాదు. పద్దెనిమిది శాతం అనుకుంటే నెలకు 21,600. ఏప్రిల్ బిల్లు మీది పన్ను మే 20లోగా, మే బిల్లుది జూన్‌లో, జూన్ బిల్లుది జులైలో కట్టాలి. అది ఇంకో 64,800. మొదటి బిల్లు రూపాయి ఖాతాలో పడేలోగా దాదాపు 3 లక్షల 80 వేలు బయటి నుంచి తెచ్చి పెట్టాలన్నమాట. నెలకు 41 వేలు మిగిలే వ్యాపారమే ఇది! అదే బిల్లు నలభై అయిదు రోజుల్లో వచ్చి ఉంటే? జూన్ మధ్యకల్లా డబ్బు అందేది, అప్పటికి అయిన ఖర్చు పన్నుతో కలిపి లక్షా 80 వేలు దాటదు. దానితోపాటు మొదటి ఆరు నెలలు బ్యాంకు వాయిదా లేకపోతే ఆ లోటు లక్షా 36 వేలకు దిగుతుంది. యంత్రం అదే, పనితనం అదే, ధర అదే. మారినవి తేదీలు మాత్రమే.

ఆ 3 లక్షల 80 వేలు ఎక్కణ్నుంచి వస్తాయన్న చోటే ఒక వ్యాపారి భవిష్యత్తు తేలిపోతుంది. పాతకాపుకైతే బ్యాంకులో సీసీ ఖాతా ఉంటుంది, ఇనుప సామాను దుకాణంలో నెల అరువు ఉంటుంది, తనఖా పెట్టడానికి నాన్నగారి పేర ఇల్లో పొలమో ఉంటుంది. కొత్తగా వచ్చిన కుర్రాడికి ఇవేవీ లేవు. సిబిల్ చరిత్ర లేదు, దుకాణంవాడికి ముఖ పరిచయం లేదు, యంత్రం అప్పటికే బ్యాంకు తాకట్టులో ఉంది. చివరికి నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి చేబదులు తెస్తాడు. 3 లక్షల 80 వేలకు ఆ వడ్డీ నెలకు 11,400. ఉన్న లాభంలో నాలుగో వంతుకు పైగా వడ్డీకే పోతుంది. ఇంకో బిల్లు ఆగితే మొదట పనివాళ్ల జీతాలు ఆగుతాయి, తరవాత బ్యాంకు వాయిదా తప్పుతుంది, దాంతో సిబిల్ స్కోరు పోతుంది, ఇక రెండో అప్పు పుట్టదు. ఆలస్యం పోటీలో సమర్థుణ్ని నిలబెట్టి అసమర్థుణ్ని బయటికి పంపుతుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అది వెనక ఆస్తి ఉన్నవాణ్ని నిలబెట్టి, లేనివాణ్ని బయటికి పంపుతుంది. వ్యాపారం కులవృత్తిగానో వారసత్వంగానో రాని ఇళ్ల నుంచి, దళిత, గిరిజన, వెనకబడిన కులాల నుంచి మొదటిసారి ఈ రంగంలోకి అడుగు పెడుతున్న పిల్లలకూ, తమ పేర ఆస్తి లేని ఆడపిల్లలకూ ఈ తొంభై రోజులు ఎంత బరువో వేరే చెప్పక్కర్లేదు. ఒక చేత్తో వాళ్లకు ప్రత్యేక రాయితీ ఇచ్చి, ఇంకో చేత్తో వాళ్ల బిల్లు ఆపితే ఆ రాయితీకి అర్థం లేదు. ఉపాధి కల్పన పథకంలో ఇచ్చే సబ్సిడీ కూడా మూడేళ్లపాటు బ్యాంకులో డిపాజిట్‌గానే ఉంటుంది, రోజువారీ ఖర్చుకు చేతికి రాదు.

ఇప్పుడు ఆధారాల మాట. చిన్న అప్పులు వ్యాపారాలను ఎంతవరకు పెంచుతాయో తేల్చడానికి ప్రపంచంలో జరిగిన ముఖ్యమైన పరిశోధనల్లో ఒకటి మన హైదరాబాదులోనే జరిగింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డూఫ్లో, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు కలిసి, నగరంలోని 104 పేద బస్తీలు ఎంచుకుని, లాటరీ పద్ధతిలో సగం బస్తీల్లో స్పందన అనే సూక్ష్మరుణ సంస్థ ముందుగా శాఖలు తెరిచేలా చూశారు. తరవాత రెండు రకాల బస్తీలనూ పోల్చారు. అప్పు దొరికిన బస్తీల్లో సగటు కుటుంబం ఖర్చు పెద్దగా పెరగలేదు, సగటు వ్యాపారం లాభమూ చెప్పుకోదగ్గంత పెరగలేదు. అప్పటికే వ్యాపారం కుదురుకున్నవాళ్లలో కొందరికి మాత్రం మంచి మేలు జరిగింది. అప్పు చెడ్డదని దీని అర్థం కాదు. చేతిలో కొంత వెసులుబాటు ఉన్నవాడి దగ్గరే అప్పు పెట్టుబడిగా మారుతుందని అర్థం. దీనికి జంటగా చదవాల్సిన పరిశోధన కోల్‌కతాలో జరిగింది. అక్కడ ఎరికా ఫీల్డ్, రోహిణి పాండే, వారి సహచరులు అప్పు మొత్తం మార్చలేదు, వడ్డీ మార్చలేదు. మొదటి వాయిదా కొందరికి రెండు వారాలకు, కొందరికి రెండు నెలలకు మొదలయ్యేలా పెట్టారు, అంతే. రెండు నెలల గడువు దొరికినవాళ్లు యంత్రాల మీద, సరుకు మీద ఎక్కువ పెట్టుబడి పెట్టారు. మూడేళ్ల తరవాత వాళ్ల వ్యాపారాల లాభాలు రెండు వారాల గడువువాళ్ల కంటే 41 శాతం ఎక్కువ ఉన్నాయి. ఎందుకంటే రెండు వారాలకే వాయిదా కట్టాల్సినవాడు రేపు ఉదయం అమ్ముడుపోయే సరుకే కొంటాడు. మూడు నెలలకు ఫలితమిచ్చే పనిముట్టు జోలికి పోడు. వేగంగా తిరిగి కట్టాలన్న షరతే అతన్ని చిన్నవాడిగా ఉంచుతోంది.

బ్యాంకువాళ్లు ఇక్కడ ఒక అభ్యంతరం చెబుతారు, అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. కోల్‌కతాలో గడువు దొరికినవాళ్లలో మొండి బాకీలూ పెరిగాయి. రెండు శాతం దగ్గర ఉన్నవి తొమ్మిది శాతం దాకా వెళ్లాయి. గడువు ఇస్తే సాహసం పెరుగుతుంది, సాహసం చేసినవాళ్లలో కొందరు నష్టపోతారు. ఈ ఖర్చు లేదని చెప్పడం అబద్ధమవుతుంది. ఆ ఖర్చు ఎవరు మోయాలన్నదే మనం తేల్చుకోవాల్సింది. ఈనాటి పద్ధతిలో దాన్ని కుటుంబం మోస్తోంది: తల్లి మెడలో బంగారం, తండ్రి పొలం. ఇలాంటి నష్టాన్ని మోయడానికే దేశంలో 2000లోనే చిన్న పరిశ్రమలకు రుణ హామీ నిధి ఒకటి పెట్టారు, ముద్ర రుణాలకూ అలాంటి హామీ ఉంది. ఆ హామీలు ఉన్నది బ్యాంకు మేనేజరుకు ధైర్యం ఇవ్వడానికే అయితే, ఆ ధైర్యంలో కొంత గడువు రూపంలో అప్పు తీసుకున్నవాడికీ చేరాలి. పథకాల నియమాల్లో మారటోరియం, అంటే వాయిదాలు మొదలయ్యేలోగా ఇచ్చే గడువు, రాయడానికి చోటు ఉంది. ఎన్ని నెలలన్నది చాలావరకు బ్యాంకు చేతిలోనే ఉంటోంది. కొత్త తయారీ యూనిట్‌కు ఆరు నెలలు అన్నది బ్యాంకు దయ కాకుండా నియమం కావాలి.

అయినా అప్పు గడువు సగం పరిష్కారమే. రెండో సగం కొనుగోలుదారు చేతిలో ఉంది, అది ఇంకా ముఖ్యమైనది. ఈ విషయంలో మన చట్టం ఎంత బలంగా ఉందో చాలామందికి తెలియదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా నలభై అయిదు రోజులకు మించి గడువు పెట్టకూడదు. ఒప్పందం లేకపోతే పదిహేను రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. రాష్ట్రస్థాయి మండలికి ఫిర్యాదు చేయవచ్చు, తొంభై రోజుల్లో తీర్పు రావాలి. తీర్పు మీద అప్పీలుకు వెళ్లే కొనుగోలుదారు ముందు 75 శాతం సొమ్ము జమచేయాలి. 2017 అక్టోబరులో సమాధాన్ పేరుతో ఇంట్లో కూర్చుని ఫిర్యాదు చేసే పోర్టల్ కూడా వచ్చింది. ఇంత ఉండి కూడా, చిన్న సంస్థలకు రావలసిన బకాయిలు సుమారు 10 లక్షల 70 వేల కోట్ల రూపాయలని 2022లో ఒక అధ్యయనం అంచనా వేసింది. కారణం ఊహించడం కష్టం కాదు. కేసు పెట్టినవాడికి బాకీ వస్తుందేమో గానీ మళ్లీ ఆర్డరు రాదు. ఒకరిద్దరు కొనుగోలుదారుల మీద ఆధారపడి బతికే కొత్తవాడు, ఉన్న ఒక్క దారినీ తన చేత్తో మూసుకోలేడు. బలహీనుడు ముందుకొచ్చి ఫిర్యాదు చేస్తేనే కదిలే చట్టం బలహీనుడికి పనికిరాదు. పైగా మన చట్టాలు ఒకదానితో ఒకటి పొసగవు. అమ్మినవాడు పన్నును మరుసటి నెలలోనే కట్టాలి. కొన్నవాడు మాత్రం బిల్లు 180 రోజుల దాకా కట్టకపోయినా ఆ పన్ను రాయితీని అనుభవించవచ్చని జీఎస్టీ చట్టమే చెబుతోంది. నలభై అయిదు రోజులని ఒక చట్టం, నూట ఎనభై రోజులని ఇంకో చట్టం. కొనుగోలుదారు లెక్కల విభాగం దేన్ని ఎంచుకుంటుందో చెప్పాలా?

అందుకే ఫిర్యాదుతో పనిలేకుండా పనిచేసే మార్గాలు కావాలి. అలాంటిది ఒకటి ఈ మధ్యనే వచ్చింది. ఆదాయపు పన్ను చట్టంలో 2023లో 43బి సెక్షనుకు చేసిన మార్పు ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థల బిల్లు చట్టం చెప్పిన గడువులో కట్టకపోతే ఆ మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేదు. నిజంగా చెల్లించిన ఏడాదిలోనే చూపుకోవాలి. దీనికోసం చిన్న వ్యాపారి ఎవరి మీదా ఫిర్యాదు చేయక్కర్లేదు, కొనుగోలుదారు ఆడిటరే గుర్తుచేస్తాడు. దీనిమీద వచ్చిన అభ్యంతరమూ విందాం. ఇలా బిగిస్తే పెద్ద కొనుగోలుదారులు చిన్న సంస్థలుగా నమోదు కానివాళ్ల దగ్గరికో, మధ్యతరహా సంస్థల దగ్గరికో వెళ్లిపోతారని, చివరికి చిన్నవాడికే నష్టమని వ్యాపార సంఘాలు కొన్ని అన్నాయి. కొందరు కొనుగోలుదారులు నమోదు రద్దు చేయించుకొమ్మని చిన్నవాళ్ల మీద ఒత్తిడి తెచ్చిన మాటా వినపడింది. భయం నిరాధారం కాదు. కానీ దానికి మందు నియమాన్ని సడలించడం కాదు, దాని నుంచి తప్పించుకునే దారులను మూయడం. మధ్యతరహా సంస్థలకూ, కొంత కాలానికి అందరు సరఫరాదారులకూ అదే గడువు వర్తింపజేస్తే పారిపోవడానికి చోటుండదు. బ్రిటన్‌లో 2017 నుంచి పెద్ద కంపెనీలు సరఫరాదారులకు సగటున ఎన్ని రోజుల్లో డబ్బు కడుతున్నాయో ఆరు నెలలకోసారి బహిరంగంగా ప్రకటించాలి. మన దగ్గరా గడువు దాటిన బకాయిల వివరాలను కంపెనీలు ఆరు నెలలకోసారి ప్రభుత్వానికి దాఖలు చేయాలని 2019 నుంచి నియమం ఉంది. అయితే ఆ వివరాలు కొత్త ఆర్డరు ఒప్పుకునే ముందు ఒక కుర్రాడు ఫోనులో చూసుకునే రూపంలో ఉండాలి. ఎవరు నలభై రోజుల్లో కడతారో, ఎవరు నూట ఇరవై రోజులు తిప్పుతారో ముందే తెలిస్తే ధర చెప్పే పద్ధతే మారిపోతుంది. బిల్లులను వేలానికి పెట్టి బ్యాంకుల నుంచి వెంటనే సొమ్ము పొందే ట్రెడ్స్ వేదికలూ ఉన్నాయి. 250 కోట్ల టర్నోవరు దాటిన కంపెనీలు వాటిలో చేరాలని 2024 నవంబరులో కేంద్రం ఆదేశించింది. చేరినంత మాత్రాన ఫలితం రాదు. కొనుగోలుదారు ఆ వేదిక మీద బిల్లును అంగీకరించినప్పుడే బ్యాంకు కదులుతుంది.

అందరికంటే పెద్ద కొనుగోలుదారు ప్రభుత్వం. ఆ కొనుగోలు యువతకు ఎంత మేలు చేయగలదో, ఆగిపోతే ఎంత కీడు చేస్తుందో సిరిసిల్ల చూపించింది. 2017 నుంచి తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డరు సిరిసిల్ల మరమగ్గాలకు ఇచ్చింది. అంతకు ముందు ఆత్మహత్యల వార్తలతో పేరుకెక్కిన ఊళ్లో ఏడాదిలో చాలా నెలలు పని దొరికింది. యజమానులూ, నాలుగైదు మగ్గాలు పెట్టుకుని వాళ్లకు నేసిచ్చే ఆసాములూ, కార్మికులూ అందరూ ఆ ఆర్డరు చుట్టూ కుదురుకున్నారు. 2024 మొదట్లో పాత బకాయిలు రాక, కొత్త ఆర్డర్లు లేక మగ్గాలు ఆగిపోయాయి. తరవాత మహిళా సంఘాల సభ్యుల చీరల ఆర్డరుతో మళ్లీ కదిలాయి. దీన్ని ఒక పార్టీకో ఒక ప్రభుత్వానికో అంటగట్టడం నా ఉద్దేశం కాదు. బిల్లులు ఆపడంలో ఏ ప్రభుత్వమూ తక్కువ తినలేదు, పరిశ్రమలకు ప్రకటించిన రాయితీల బకాయిలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పాత కథే. సిరిసిల్ల కథలో ఇమిడి ఉన్న రెండు విషయాలు చూడండి. ప్రభుత్వ ఆర్డరు నిజంగానే ఊరిని నిలబెట్టగలదు. ఒకే కొనుగోలుదారు మీద నిలబడ్డ ఊరు, ఆ కొనుగోలుదారు ఆలస్యం చేసిన రోజున కూలబడుతుంది. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనాలనీ, అందులో 4 శాతం దళిత, గిరిజన వ్యాపారుల నుంచి, 3 శాతం మహిళల నుంచి తీసుకోవాలనీ విధానం ఉంది. ఎంత శాతం కొన్నారో లెక్క వేస్తున్నంత శ్రద్ధగా ఎన్ని రోజుల్లో కట్టారో లెక్క వేయాలన్నదే నా కోరిక.

అసలు ఖజానాలోనే డబ్బు లేని రోజుల్లో బిల్లులు త్వరగా ఎలా కడతారని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే తొంభై రోజుల్లో కట్టే బిల్లును ముప్పై రోజులకు తేవడం ఏటా పెరిగే ఖర్చు కాదు. ఒకే ఒక్కసారి రెండు నెలల సొమ్మును ముందుకు జరపడం. ఆ తరవాత నెలకు కట్టేది ఎప్పటిలాగే ఉంటుంది. కట్టకుండా ఆపిన బిల్లు కూడా అప్పే. చవగ్గా అప్పు తెచ్చుకోగల ప్రభుత్వం, మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకునే కుర్రాడి నుంచి తీసుకుంటున్న అప్పు అది. ఆ వడ్డీ చివరికి ధరలో కలిసి ప్రభుత్వానికే తిరిగి వస్తుంది. బిల్లు ఎప్పుడొస్తుందో తెలియని చోట టెండరు వేసేవాడు ఆ ఆలస్యాన్ని కూడా లెక్కగట్టే రేటు వేస్తాడు, ఓపిక లేనివాడు అసలు టెండరే వేయడు. పోటీ తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది. త్వరగా కడితే ఏమవుతుందో అమెరికాలో 2011లో చూశారు. చిన్న కాంట్రాక్టర్లకు ముప్పై రోజుల్లో కట్టే బిల్లులను పదిహేను రోజులకు తగ్గించారు. పెద్ద రాయితీ లేదు, కొత్త పథకం లేదు. జాన్ నోయెల్ బారో, రమణ నంద అనే పరిశోధకులు దాని ఫలితాలు పరిశీలిస్తే, త్వరగా డబ్బు అందిన సంస్థల్లో ఉద్యోగాలు పెరిగినట్టు తేలింది. వాళ్లు నిజాయితీగా ఇంకో మాటా చెప్పారు. కార్మికులు దొరకని ప్రాంతాల్లో ఆ ఉద్యోగాలు పక్క సంస్థల నుంచి వచ్చినవే, నికరంగా పెరిగింది దాదాపు ఏమీ లేదు. నిరుద్యోగం ఎక్కువ ఉన్నచోటే నిజమైన పెరుగుదల కనిపించింది. మనకు అవసరమైన ముక్క ఇదే. ఆర్థిక వ్యవస్థ బాగా లేనప్పుడే బిల్లులు త్వరగా కట్టడం వల్ల ఎక్కువ ప్రయోజనం. సాధారణంగా ప్రభుత్వాలు అప్పుడే ఎక్కువగా ఆపుతాయి.

ఇక చిన్న పరిశ్రమలను ఎన్నాళ్లు కాపాడినా అవి చిన్నవిగానే ఉండిపోతాయి, ఉద్యోగాలు పెద్ద కర్మాగారాలతోనే వస్తాయి అనే వాదన ఉంది. దీనికి బలమైన ఆధారమూ ఉంది. 1967 నుంచి చిన్న పరిశ్రమలకే కేటాయించిన వస్తువుల జాబితా ఒకప్పుడు ఎనిమిది వందలు దాటింది. చివరి ఇరవై వస్తువులను 2015లో తొలగించే దాకా ఎదగకుండా ఉండటమే లాభమైన పరిస్థితి ఉండేది. 2018-19 ఆర్థిక సర్వే లెక్క ప్రకారం వ్యవస్థీకృత తయారీ రంగంలో సగం సంస్థలు పదేళ్లు దాటినా వందమంది పనివాళ్ల లోపే ఉన్నాయి. ఉద్యోగాల్లో వాటి వాటా 14 శాతం. ఈ లెక్కను నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. నా వాదన చిన్న సంస్థల తరఫున కాదు, కొత్త సంస్థల తరఫున. అమెరికా లెక్కల మీద జాన్ హాల్టివాంగర్ బృందం 2013లో ప్రచురించిన పరిశోధన కూడా ఇదే తేల్చింది. సంస్థ వయసును లెక్కలోకి తీసుకుంటే, చిన్నదా పెద్దదా అన్నదానికీ ఉద్యోగాల పెరుగుదలకూ ప్రత్యేక సంబంధం కనిపించదు. ఉద్యోగాలు పెంచేవి ఈమధ్యే పుట్టిన సంస్థలు. వాటిలో చాలా మూతపడతాయి, నిలిచినవి వేగంగా ఎదుగుతాయి. కాబట్టి సాయం జీవితాంతం ఇవ్వక్కర్లేదు. మొదటి మూడేళ్లు ఇస్తే చాలు, ఆపైన అందరితో సమానంగా పోటీ పడనివ్వాలి. ఇలా కొత్త సంస్థలకే ఆ సాయం అందితే ఖజానా మీద భారమూ తక్కువే.

మన పిల్లలకు ధైర్యం లేదు, కష్టపడే తత్వం లేదు అనేవాళ్లకూ ఒక మాట. ఈ అనుమానాన్ని పరీక్షించిన ప్రసిద్ధ ప్రయోగం కాకినాడలో జరిగింది. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ 1964లో కాకినాడ వ్యాపారులను హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించి, కొద్ది రోజుల శిక్షణ ఇప్పించాడు. తరవాతి రెండేళ్లలో వాళ్లలో చురుకుదనం బాగా పెరిగింది, శిక్షణ పొందని వ్యాపారుల్లో పెద్ద మార్పు లేదు. మన కులాచారాలు, సంప్రదాయాలు దానికి అడ్డం కాలేదు. అయితే ఎక్కువగా మారింది సొంత వ్యాపారంలో నిర్ణయం తమ చేతుల్లో ఉన్నవాళ్లే. శిక్షణ మనిషిని సిద్ధం చేస్తుంది. నిర్ణయం తీసుకునే వెసులుబాటు లేనప్పుడు అది అతనిలోనే ఉండిపోతుంది. నెల తిరిగేసరికి వాయిదా కోసం పరుగెత్తేవాడికి ఏ వెసులుబాటు ఉంటుంది?

ప్రభుత్వాలు చేయాల్సిన పని కొండంత కాదు. కొత్త యూనిట్లకు ఆరు నెలల మారటోరియం నియమంగా పెట్టాలి. ప్రతి శాఖ సగటున ఎన్ని రోజుల్లో బిల్లు కట్టిందో నెలనెలా జిల్లా పరిశ్రమల కేంద్రం బోర్డు మీద రాయాలి. మొదటి మూడేళ్ల వ్యాపారుల బిల్లులను ఖజానాలో వేరే వరసగా తీయాలి. చిన్న వ్యాపారి జీఎస్టీ డబ్బు చేతికి వచ్చాకే కట్టేలా కేంద్రం ఆలోచించాలి. ఇవి జరిగేలోగా ఈ ప్రసంగం వింటున్న యువతీ యువకులు తమంతట తాము చేసుకోగలిగినవీ కొన్ని ఉన్నాయి. మొదటి సరుకు పంపకముందే చిన్న సంస్థగా గుర్తింపునిచ్చే ఉద్యం నమోదు చేయించుకోండి, తరవాత చేయించుకుంటే పాత బిల్లుల మీద తగాదాలు వస్తాయి. ప్రతి బిల్లు మీద ఆ నంబరు, చెల్లింపు గడువు తేదీ అచ్చు వేయించండి. సరుకు అందిన తేదీ, సంతకం ఉన్న చలానా దాచుకోండి. పదిహేను రోజుల్లోగా కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే సరుకును అంగీకరించినట్టేనని చట్టం చెబుతోంది. తయారీకీ, సేవలకూ ఈ రక్షణ ఉంది గానీ, కొని అమ్మే వ్యాపారాలకు బ్యాంకు రుణ ప్రాధాన్యం వరకే నమోదు పనికొస్తుందని గుర్తుపెట్టుకోండి. ఉద్యం నమోదు పూర్తిగా ఉచితం. దానికి డబ్బు అడిగేవాళ్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వక్కర్లేదు.